ర్యాంకుల బల్ల మీద గోంగూర కట్ట

కీ వచ్చిన రోజు

ఈ లాగ్ నా సరదా కోసం రాస్తున్నది కాదు. సభామందిరంలో బల్ల వేసుకుని కూర్చునే ప్రతి మనిషీ రోజూ ఏం చేశారో నాలుగు ముక్కలు నమోదు చేయాలని గాలి కమిటీ వారి ఆజ్ఞ. చేయకపోతే ఆ మూల ఫ్యాను ఆపేస్తారట. పెద్దదాన్ని ఊపిరాడకుండా చంపారన్న అప్రతిష్ఠ వాళ్ళకెందుకని రాస్తున్నాను.

పేరు వకుళ. నడిమి గుమ్మటం, మూడో వీధి. ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష రాసిన పిల్లల మార్కులు చూసి, ర్యాంకు ఎంత రావచ్చో, ఏ కాలేజీలో ఏ బ్రాంచి దొరకొచ్చో చెప్పడం నా పని. మా దగ్గర అసలు ర్యాంకులు సీట్లతోపాటే ప్రకటిస్తారు. ఆప్షన్లు మాత్రం ముందే పెట్టాలి, అదీ మూడంటే మూడు. తన ర్యాంకు తనకే తెలియని పిల్ల ఏమని పెడుతుంది? అందుకే నా బల్ల.

పొద్దున్నే ముసుగు ఫిల్టరు దులిపి, రాలిన ఎర్రదుమ్ము ఊడ్చి డబ్బాలో పోసి, మందిరానికి వెళ్ళేసరికి క్యూ తలుపు దాటిపోయింది. ప్రతి ఒక్కరి చేతిలోనూ గోంగూర కట్ట. అంచనా చెప్పినందుకు ఏమీ పుచ్చుకోకూడదని రూలు. ఇంట్లో ట్రేలో పెంచిన ఆకుకూర పెద్దవాళ్ళకి ఇస్తే ఏ రూలు కాదంటుంది? అలా మొదలైంది ఈ ఆచారం. అడిగిన బ్రాంచికి ఛాన్సుంటే కట్ట తీసుకుంటాను. లేకపోతే తిరిగి చేతిలో పెట్టేస్తాను. నోటితో చెప్పక్కర్లేదు, వెనక నిలబడ్డవాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఫలానావాళ్ళ అబ్బాయికి కట్ట తిరిగొచ్చిందట అని సాయంత్రానికల్లా వీధిలో చెప్పుకుంటారు.

అందరికీ కావలసింది ఒకటే, పై గుమ్మటం కాలేజీలో గాలి బ్రాంచి. గాలి ఇంజనీరు అయితే జీవితాంతం లోపలి ఉద్యోగం, కిటికీ ఉన్న ఇల్లు. దాని తరవాత నీళ్ళ బ్రాంచి. మట్టి బ్రాంచి అంటే మూతి విరుస్తారు. ఏదీ రానివాళ్ళు దుమ్ము గ్యాంగులో చేరి, బయటికి వెళ్ళి సౌరపలకలు తుడుస్తారు. మా తమ్ముడు ముత్యాలరావు చేసేది ఆ పనే. ఎంత ముసుగు కట్టుకున్నా దుమ్ము లోపలికి పోతుంది. వాడు దగ్గితే పక్కింటివాళ్ళు లేచి కూర్చుంటారు.

ఇవాళ కరుణశ్రీ అని ఓ పిల్ల వచ్చింది. మా వీధి చివరి ఇల్లే. మార్కులు చెప్పింది, లెక్క వేశాను. మూడువందల ఇరవై దరిదాపుల్లో వస్తుంది.

"పై గుమ్మటం గాలి కావాలండీ" అంది.

"అది రెండువందల ముప్ఫై దగ్గర ఆగిపోద్దమ్మా. ఆప్షన్ పాడుచేసుకోకు. మట్టి పెట్టు, ఖాయంగా వస్తుంది."

"పోయిన పరీక్షకీ మీరు చెప్పినట్టే అయ్యిందంట కదండీ."

"రెండువందల పది అన్నాను. రెండువందల పన్నెండు దగ్గర ఆగింది." అబద్ధమెందుకు, కాస్త మురిసిపోతూనే అన్నాను.

కట్ట తిరిగి ఇచ్చేశాను. ఆ పిల్ల వంచిన తల ఎత్తకుండా క్యూ పక్కనుంచి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి పచ్చడి నూరాను. నిన్నటిదే ఇంకా జాడీ నిండా ఉంది.

వార్డెను వచ్చిన రోజు

ఇశ్రాయేలు మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. చిన్నప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకుని, ఒక్కటీ వంటబట్టించుకోకుండా పై గుమ్మటం కాలేజీ హాస్టలు వార్డెను అయ్యాడు. మంచివాడు. పచ్చడి వేస్తే వద్దనడు.

"ఆ జాడీ ఎత్తుకుపోరా. హాస్టల్లో పిల్లలకి పెట్టు" అన్నాను.

"పెట్టడానికి పిల్లలుండాలి కదండీ టీచరుగారూ. గాలి బ్రాంచి వరసలో పదకొండు మంచాలు ఖాళీ. పంపు సామాన్లు పెట్టుకున్నాం వాటి మీద."

"ఖాళీ ఏవిట్రా? మధ్యలో మానేశారా?"

"మానెయ్యడం కాదండీ, అసలు రాలేదు."

"రెండువందల పన్నెండు దగ్గర ఆగింది కదా."

"ఆగిందండీ. ఆ తరవాత ర్యాంకులోళ్ళు ఎవరూ అడగలేదు. అడిగితే ఇచ్చేవోళ్ళవే."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. 

"ఇన్నాళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదేం?"

"చెబితే ఖాళీ మంచానికి గాలెందుకని కమిటీవోళ్ళు కోసేస్తారని భయవండీ. ఎలాగో తెలుసుకుని కోసేశారు లెండి. ఈసారి అయిదు సీట్లు తక్కువ."

ఇక్కడ హాస్టలుకి ఎంతమందికి సరిపడా గాలి ఇస్తే అన్నే సీట్లు. గది ఉంటే చాలదు. ఒకసారి కోసిన గాలి తిరిగి ఇప్పించుకోవడం ఎవరి తరమూ కాదు.

వాడు వెళ్ళిపోయాక చాలాసేపు ఎంగిలి కంచం ముందే కూర్చుండిపోయాను. రెండువందల పది అని నేను చెప్పాను. ఆ పైన ర్యాంకు వచ్చేవాళ్ళందరూ నా మాట విని పెట్టడం మానేశారు. పెట్టలేదు కాబట్టి అక్కడ ఆగింది. దాన్ని చూసుకుని నేను ఏడాది పొడుగునా తలెగరేసుకు తిరిగాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆప్షన్లు తెరిచిన రోజు

ఇంతకు ముందు ఇలా అయ్యేది కాదు. ఎందుకో ఇవాళ తెలిసింది.

నా చిన్నతనంలో ర్యాంకులు గణకి చెప్పేదట. ఊళ్ళో గాలీ నీళ్ళూ నడిపించే యంత్రం కదా, ఇదీ చెప్పమన్నారు. అది చెప్పిన ఏడాది పిల్లలందరూ దాని మాట ప్రకారమే ఆప్షన్లు పెట్టి, ఒక కాలేజీ ముందు తొక్కిసలాట, ఇంకో కాలేజీలో ఈగలు. అప్పుడు రూలు పెట్టారు, అంచనా మనుషులే చెప్పాలని. నేను పెద్దదాన్నయ్యాక మేం అయిదుగురం బల్లలు వేసుకున్నాం. పానకాలు మాస్టారు కట్ట తిరిగి ఇచ్చేస్తే ఆ పిల్లాడు లీలావతి బల్ల దగ్గరికి పోయేవాడు, ఆవిడ జాలిపడి తీసుకునేది. ఒక్కొక్కరం ఒక్కోలా తప్పు చెప్పేవాళ్ళం. ఆ గందరగోళంలో ఎవరో ఒకరు తెగించి పెట్టేవారు, సీట్లు నిండేవి.

మాస్టారు పోయారు. లీలావతి అవతలి ఊరు వెళ్ళిపోయింది. తక్కిన ఇద్దరికీ కళ్ళు కనబడవు. మిగిలింది నేనొక్కదాన్నే. నన్ను అందరూ నమ్ముతారు, అదే వచ్చిన చిక్కు.

సాయంత్రం తమ్ముడు, మేనకోడలు తరళ మా ఇంటికి వచ్చారు. చేతిలో కట్ట. తరళకి గాలి బ్రాంచి పిచ్చి. చిన్నప్పట్నుంచీ గాలిగొట్టం కిందే మంచం వేయించుకుని, ఆ శబ్దం వింటూ పడుకునేది. ఫ్యాను ఆగితే అందరికన్నా ముందు లేచి ఏడ్చేది. దాని మార్కులు నాకు ముందే తెలుసు. ఆరువందల నలభై దాకా వస్తుంది. మూడు కాలేజీల్లో అన్ని బ్రాంచీలూ కలిపినా ఆరువందల చిల్లర సీట్లు. అంటే అంచున ఉంది, ఆ అంచుకి అవతల వైపున ఉంది. ఇప్పుడు రాకపోతే దుమ్ము గ్యాంగే. మళ్ళీ పరీక్ష రాయడానికి ఇక్కడి ఏడాది ఆగాలి, పాతలోకం లెక్కలో దాదాపు రెండేళ్ళు. వయసు లెక్క చూస్తే అదొక్కటే మిగిలిన అవకాశం.

నా కడుపులో మాట దాగదు. ఇశ్రాయేలు చెప్పిందంతా వాళ్ళ ముందు వెళ్ళగక్కాను.

తరళ గోళ్ళు చూసుకుంటూ విని, నెమ్మదిగా అంది. "అయితే అత్తా, నువ్వు వద్దన్నావని అందరూ మానేస్తారు. నేనొక్కదాన్నీ పెడితే నాకొచ్చేస్తుంది కదా."

నాకు తట్టని ముక్క అది. లెక్క తప్పు లేదు.

ముత్యాలరావు ఇటూ అటూ చూసి తలుపు దగ్గరగా వేశాడు. "నాలుగు రోజులు నోరు మెదపకక్కా. నిన్ను అబద్ధం చెప్పమంటల్లేదు. ఊరుకోమంటున్నాను, అంతే."

"ఒరే, అవతల పిల్లలు..."

"అవతల పిల్లలకి మట్టో నీళ్ళో వస్తాయి. దీనికి ఇది తప్పితే ఏముంది? నా గ్యాంగులో చేరుద్ది. నా దగ్గు చూస్తున్నావు కదా."

 కట్ట బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నేను దాన్ని తియ్యలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.

నీళ్ళ వంతు వచ్చిన రోజు

మా వీధికి ఇవాళ నీళ్ళు. బిందె పట్టుకుని వెళితే వరసలో నా ముందు కరుణశ్రీ. నన్ను చూసి పక్కకి జరిగి, ముందు మీరు పట్టుకోండి అంది. అంత మర్యాద ఎందుకో, నాకు ముల్లు గుచ్చుకున్నట్టైంది.

"ఆప్షన్లు పెట్టేశావా?"

"పెట్టేశానండీ. మట్టి. మూడు కాలేజీల్లోనూ మట్టే."

"మట్టంటే ఇష్టమేనా నీకు?"

"ఇష్టంతో పనేవుందండీ. మీరు చెప్పారుగా."

"కట్ట తిరిగి ఇచ్చేశానని కోపం వచ్చిందా?"

"కోపవెందుకండీ. అమ్మ ఆకు వండేసింది. కాడలు నేను ట్రేలో గుచ్చాను. బతికినట్టే ఉన్నాయి."

నా బిందె నిండిపోయి నీళ్ళు పొర్లుతున్నా చూసుకోలేదు. వెనకవాళ్ళు గోల పెడితే అప్పుడు కుళాయి కట్టాను. నా మేనకోడలు ఈ పిల్లకన్నా మూడువందల మంది వెనక ఉంది. నా నోరు మూసుకుంటే చాలు, ముందుకొచ్చి ఈ పిల్ల మంచం మీద పడుకుంటుంది. ఈ పిల్ల పోయి మట్టి తవ్వుకుంటుంది, మీరు చెప్పారుగా అని నాకే దణ్ణం పెడుతుంది. ఇంటికి వచ్చాక ఏడుపొచ్చింది. ఏడ్చాను.

సాయంత్రం తమ్ముడింటికి వెళ్ళాను. ఊరందరికన్నా ముందు తరళకి చెప్పాలనిపించింది. అది గాలిగొట్టం కింద మంచం మీదే ఉంది.

"రేపు మందిరంలో అందరికీ చెప్పేస్తానే" అన్నాను.

"చెప్పేస్తే నాకు సీటు పోద్ది."

"పోవచ్చు."

"పోవచ్చు కాదత్తా. పోద్ది. లెక్కలు నేర్పింది నువ్వే కదా, మళ్ళీ పోవచ్చంటావేంటి?"

"ఆ మంచం నీదైతే నేనే మోసుకెళ్ళి నిన్ను పడుకోబెడదును."

"నాది కాదని నాకూ తెలుసు. కానీ నాకు కావాలి." గోడవైపు తిరిగిపోయింది. "వెళ్ళు. నాతో మాట్లాడకు."

వీపు మీద చెయ్యి వేస్తే విదిలించేసింది. దాన్ని ఎత్తుకు పెంచిన చెయ్యి ఇది.

మందిరంలో చెప్పిన రోజు

ఆప్షన్లు మూసేది రేపు. అప్పటిదాకా మార్చుకోవచ్చు. పొద్దున్నే బల్ల మీదకి ఎక్కి నిలబడ్డాను. నా మోకాళ్ళకి ఇది మంచిది కాదు.

ఖాళీ మంచాల సంగతి చెప్పాను. పోయినసారి రెండువందల పన్నెండు దగ్గర ఎందుకు ఆగిందో చెప్పాను. నేను కట్ట తిరిగి ఇచ్చినవాళ్ళు, ఇవ్వనివాళ్ళు, అందరూ కావలసింది పెట్టుకోండన్నాను. ఇశ్రాయేలు వచ్చి, నిజమేనండీ, మంచాల మీద పంపు సామానుంది అని సాక్ష్యం చెప్పాడు. వాడి ఉద్యోగానికి ఎసరు రాకుండా ఉంటే బావుణ్ణు.

 అందరూ ఒక్కసారిగా లేచారు.

"అయితే ఇన్నాళ్ళూ మీరు చెప్పిందంతా అబద్ధవా?" అని ఓ తండ్రి మీదికొచ్చాడు. పోయినసారి వాళ్ళ పెద్దవాడికి కట్ట తిరిగి ఇచ్చాను. ఆ కుర్రాడు ఇప్పుడు పలకలు తుడుస్తున్నాడు.

"మార్కుల లెక్క నిజమే బాబూ. కాలేజీల లెక్కే, నేను చెప్పినట్టు మీరంతా చెయ్యబట్టి కుదిరింది. నాకు తెలియలేదు. తప్పైపోయింది."

ఆయన నావైపు అలా చూసి కూలబడ్డాడు.  తిట్టినా బావుండేది.

"ఇప్పుడెలా పెట్టాలండీ మరి?" అని ఎవరో అడిగారు.

"ఇష్టమున్న వరసలో పెట్టండి. ముందు ఏది ఎక్కువ ఇష్టమో అది."

ముందు వరసలో ఓ పిల్లాడు చెయ్యెత్తాడు. "ఇష్టవంటే ఎలా తెలుస్తుందండీ?"

ఎవరూ నవ్వలేదు. వాడు నిజంగానే అడుగుతున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఏది వస్తుందో అడగడమే తప్ప, ఏది కావాలో వాణ్ణి ఎవరూ అడిగి ఉండరు. అడిగి ఉండవలసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఇంటికి పోయి అమ్మతో కూర్చుని ఆలోచించు నాయనా అన్నాను. 

మధ్యాహ్నానికి ముత్యాలరావు మా ఇంటికి వచ్చాడు. ముసుగు కూడా తియ్యకుండా, బల్ల మీద వాడిపోయి ఉన్న తన కట్ట తీసుకున్నాడు.

"సొంత మేనకోడలి నోటికాడ కూడు తీసేశావక్కా" అన్నాడు. తలుపు దాకా వెళ్ళి దగ్గి, గోడ పట్టుకుని నిలబడి, మళ్ళీ నడిచాడు. నీళ్ళిద్దామని లేచేలోపే వెళ్ళిపోయాడు.

సీట్లు వచ్చిన రోజు

సీట్లన్నీ నిండాయి. ఒక్క మంచం కూడా ఖాళీ లేదని ఇశ్రాయేలు పరుగెత్తుకొచ్చి చెప్పాడు. సామాన్లన్నీ వరండాలో పడేసి మంచాలు కడుగుతున్నారట. కోసేసిన గాలి తిరిగి ఇమ్మని అడగడానికి కాలేజీవాళ్ళు కమిటీకి వెళుతున్నారట. ఈసారి కాదనడానికి వాళ్ళ దగ్గర కారణమేం లేదు.

ముందు ర్యాంకులవాళ్ళలో కొందరు ఇష్టమని నీళ్ళూ మట్టీ పెట్టుకున్నారట, ఆప్షన్లు మార్చుకున్న కరుణశ్రీకి పై గుమ్మటంలో గాలి వచ్చింది.

మొత్తం మీద ఆఖరి సీటు ఆరువందల పదకొండో ర్యాంకుకి. తరళకి నేను ఆరువందల నలభై అన్నాను, ఆరువందల ముప్ఫై నాలుగు వచ్చింది. మార్కుల లెక్క నాకిప్పటికీ తప్పదు. అంత దిక్కుమాలిన లెక్క ఇంకెప్పుడూ వేయలేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తియ్యలేదు.

దుమ్ము గాలి తగ్గిన రోజు

చాలా రోజులుగా లాగ్ రాయలేదు. కమిటీవాళ్ళు ఫ్యాను ఆపేశారు, నేను బల్ల ఎత్తేశాను, ఇద్దరికీ సరిపోయింది. ఇప్పుడు ఇంట్లోనే చిన్నపిల్లలకి లెక్కలు చెబుతున్నాను. గోంగూర ఎవరూ తేవడం లేదు. ఆఖరి జాడీ అడుగంటింది.

తరళ దుమ్ము గ్యాంగులో చేరింది. వీధిలో పోతుంటే కిటికీలోంచి చూసేదాన్ని. వాళ్ళ నాన్న పాత బూట్లు, దానికి పెద్దవి, ఈడ్చుకుంటూ నడిచేది. ఒక్కసారైనా ఇటు తల తిప్పేది కాదు. నేను చేసింది తప్పు కాదని నాకు తెలుసు. అలాగని అన్నం సయించేది కాదు.

ఇవాళ తలుపు కొట్టింది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టుంది, కనుబొమ్మలు ఎర్రగా దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. లోపలికి వచ్చి కూర్చోలేదు. వెనక వీధిలో ఓ దగ్గు వినిపించింది. తమ్ముడూ వచ్చాడు, గుమ్మం దాకా రావడానికి అభిమానం అడ్డొచ్చింది.

"కరుణశ్రీ కాడలిచ్చింది, ట్రేలో గుచ్చుకోమని. వాటికి వచ్చిన ఆకే ఇది" అంది తరళ. చొక్కా మడతలోంచి కట్ట తీసింది. చిన్న కట్ట, నాలుగు రెమ్మలు. "తన పుస్తకాలు కూడా ఇస్తానంది. మళ్ళీ రాస్తానత్తా. పొద్దున్న పలకలు, సాయంత్రం చదువు. గాలి బ్రాంచికి ఛాన్సెంతుంది?"

అలవాటు చొప్పున అంకెలు నాలుక చివరిదాకా వచ్చేశాయి. ఎన్ని మార్కులు పెరగాలి, గ్యాంగులో పనిచేస్తూ ఎవరైనా అన్ని పెంచుకున్నారా, ఎందరు. అన్నీ తెలుసు నాకు. ఇదొక్క పిల్ల ఈ ఏడాదంతా ఏం చేస్తుందో మాత్రం అందులో లేదు.

"తెలీదే" అన్నాను.

అది నన్ను ఎగాదిగా చూసింది. "నీకు తెలీదా?"

"తెలీదు."

"అంటే కట్ట వెనక్కా?"

"తెలీదన్నాను. లేదన్లేదు."

అది కట్ట పట్టుకున్న చెయ్యి చాచే ఉంచింది. ఆ చెయ్యి అరచేతిలో అప్పుడే కాయలు కాశాయి. ఎంత ఛాన్సుందో నాకు నిజంగానే తెలియదు. కట్ట తీసుకున్నాను.